నాలుగు యాప్‌ల లైట్లు, ఒక్క గోడ స్విచ్చు: రకరకాల స్మార్ట్ సిస్టమ్‌లను ఇంట్లో కలిపి నడిపే పద్ధతి

మా హాల్లో ఫిలిప్స్ హ్యూ బల్బులు ఐదు. బెడ్‌రూముల్లో వైఫై బల్బులు నాలుగు. పండగ ఆఫర్లలో రెండు విడతలుగా కొన్నవి, రెండు వేర్వేరు కంపెనీలవి. వంటింట్లో, బాల్కనీలో మామూలు ఎల్‌ఈడీ ట్యూబులైట్లే, కాకపోతే స్విచ్చు డబ్బా లోపల రిలే మాడ్యూళ్లు (ఫోన్ నుంచి కూడా లైటు వేసి ఆర్పే చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్చులు) పెట్టించాను. వీటన్నిటికీ కలిపి ఫోన్‌లో నాలుగు యాప్‌లు. రాత్రి అన్నీ ఆర్పి పడుకోవాలంటే నాలుగూ తెరవాలి.

అమ్మకు ఫోన్‌లో వాట్సాప్ తప్ప మరొకటి అలవాటు లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి హాల్లో లైటు కోసం గోడ మీద స్విచ్చు వేస్తుంది. రాత్రి నేను అదే లైటును ఫోన్‌లో ఆర్పి ఉంటే స్విచ్చు అప్పటికే ఆన్‌లో ఉన్నట్టు. తను ఒకసారి నొక్కితే కరెంటు ఆగుతుంది, రెండోసారి నొక్కితే వెలుగుతుంది. "ఈ లైటుకి రెండుసార్లు నొక్కాలిరా, పాడైనట్టుంది" అని ఆర్నెల్ల పాటు అనుకుంది. ఆ మాట విన్న రోజే అన్నీ విప్పి మళ్లీ మొదటినుంచి కట్టాలని కూర్చున్నాను.

ఆ పని ఏ వరసలో చేస్తే తేలికో రాస్తున్నాను. రెండు నియమాలు ముందే పెట్టుకోండి. ఇంట్లో ఏ లైటుకైనా గోడ మీద ఒక స్విచ్చు ఉండాలి, ఎవరు ఎప్పుడు నొక్కినా ఒక్క నొక్కుకే పనిచేయాలి. రెండోది, టైమర్లూ షెడ్యూళ్లూ ఉండే చోటు ఇల్లంతటికీ ఒక్కటే ఉండాలి. కొనే ప్రతి వస్తువునూ, పెట్టే ప్రతి సెట్టింగునూ ఈ రెండిటితో సరిచూసుకుంటే సగం తప్పులు జరగవు.

ముందు ఒక కాగితం, ఒక పరీక్ష

గది గదికీ తిరిగి ఉన్న లైట్లన్నీ రాయండి. ఒక్కోదానికి ఎదురుగా మూడు సంగతులు: తెలివి బల్బులో ఉందా, స్విచ్చు వెనక ఉందా, అది మాట్లాడేది వైఫైలోనా, జిగ్‌బీలోనా, మ్యాటర్‌లోనా, ఇంటర్నెట్ లేకపోతే పనిచేస్తుందా.

జిగ్‌బీ అంటే స్మార్ట్ వస్తువులు తమలో తాము మాట్లాడుకునే, వైఫై కాని మరో వైర్‌లెస్ పద్ధతి; హ్యూ బల్బులు వాడేది అదే. మ్యాటర్ సంగతి తర్వాత చెబుతాను.

మూడోదానికి పెట్టె మీద రాసిన మాటలు నమ్మకండి. రౌటరు ఆన్‌లోనే ఉంచి, బయటనుంచి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ మాత్రం పీకేయండి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపి, ఇంటి వైఫైలోనే ఉండి ఒక్కో యాప్ తెరిచి లైటు వేసి చూడండి. కొన్ని ఎప్పట్లాగే వెలుగుతాయి. కొన్నిటికి యాప్ తిరుగుతూనే ఉంటుంది. అంటే మీరు నొక్కిన ఆజ్ఞ కంపెనీ సర్వరుదాకా వెళ్లి తిరిగి మీ బెడ్‌రూముకి వస్తోందన్నమాట. వాటి పక్కన ఎర్ర చుక్క పెట్టుకోండి, తర్వాత పని ఉంటుంది.

మెదడు ఎక్కడ పెట్టాలి

అన్ని కంపెనీల లైట్లనూ ఒకచోటికి తేవడానికి నేను వాడేది హోమ్ అసిస్టెంట్. 2013లో పౌలస్ స్కౌట్‌సెన్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఇది. మన ఇంట్లో పెట్టుకున్న చిన్న కంప్యూటర్‌లోనే నడుస్తుంది కాబట్టి నెట్ పోయినా ఆగదు. అలెక్సాలోనో గూగుల్ హోమ్‌లోనో అన్నీ జతచేసి అక్కడే ఆపేయవచ్చు కదా అంటే, రెండు మూడు బల్బులున్న ఇంటికి అది చాలు. అంతకు మించితే చాలా ఆజ్ఞలు క్లౌడ్ (బయటి కంపెనీల సర్వర్లు) చుట్టూ తిరిగి వస్తాయి, మనం పెట్టగలిగే షరతులూ తక్కువ.

దీనికి అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్‌ప్‌బెర్రీ పై 4 సరిపోతుంది, మెమరీ 2 జీబీ ఉన్నా చాలు. పాత ల్యాప్‌టాప్ మూలన పడి ఉంటే అదీ పనికొస్తుంది. కొత్తగా కొని తగిలించి వదిలేయాలంటే హోమ్ అసిస్టెంట్ గ్రీన్ అనే పెట్టె ఉంది. రాస్‌ప్‌బెర్రీ పై అయితే ఎస్‌డీ కార్డు బదులు చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టండి. హోమ్ అసిస్టెంట్ రోజంతా ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. రాసే మధ్యలో కరెంటు పోతే కార్డు చెడిపోవచ్చు. నాకు ఎండాకాలం కోతల్లో రెండు కార్డులు పోయాకే ఇది ఎక్కింది.

రాస్‌ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ప్రోగ్రాంతో హోమ్ అసిస్టెంట్‌ను డిస్కు మీదకి ఎక్కించి, లాన్ కేబుల్‌తో రౌటరుకు కలిపి ఆన్ చేయండి. కాసేపాగి, అదే నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్ బ్రౌజరులో "హోమ్‌అసిస్టెంట్ డాట్ లోకల్", కోలన్, 8123 అని కొడితే ఖాతా తెరిచే పేజీ వస్తుంది. అక్కడ మీ ఊరిని మ్యాపులో సరిగ్గా పెట్టండి, సూర్యాస్తమయం లెక్క దాని మీదే ఆధారపడుతుంది.

రౌటరు, హ్యూ బ్రిడ్జి (హ్యూ బల్బులను నడిపే చిన్న పెట్టె), ఈ చిన్న కంప్యూటర్ మూడింటికీ ఇన్వర్టరు లైను ఇవ్వండి. చాలా ఇన్వర్టర్లకు వెనకాల యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్చు ఉంటుంది, దాన్ని అటు వేయండి. లేకపోతే మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది.

గాలిలో దారులు

వైఫై బల్బులూ జిగ్‌బీ బల్బులూ రెండూ 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలోనే మాట్లాడతాయి. అపార్టుమెంటులో చుట్టుపక్కల ఇళ్ల వైఫైలు కూడా అందులోనే. ఛానళ్లు ముందే చూసి పెట్టుకోకపోతే తర్వాత జతచేసినవన్నీ మళ్లీ జతచేయాల్సి రావచ్చు.

మా ఇంట్లో రౌటరు 2.4 గిగాహెర్ట్‌జ్ ఛానల్‌ను ఆటో నుంచి తీసి 1 మీద నిలిపాను. హ్యూ బ్రిడ్జి 11, 15, 20, 25 జిగ్‌బీ ఛానళ్లలో ఒకటి వాడుతుంది, హ్యూ యాప్‌లో మార్చుకోవచ్చు. వైఫై 1 దాదాపు జిగ్‌బీ 11 నుంచి 14 దాకా కప్పేస్తుంది కాబట్టి హ్యూని 25కి పంపి, నా సొంత జిగ్‌బీ డాంగిల్‌కు (హ్యూ కాని జిగ్‌బీ పరికరాలతో మాట్లాడటానికి కంప్యూటర్ యూఎస్‌బీకి తగిలించే రేడియో) 20 ఇచ్చాను.

జిగ్‌బీ డాంగిల్‌ను కంప్యూటర్‌కు నేరుగా గుచ్చకండి. యూఎస్‌బీ 3 పోర్టు దగ్గర పుట్టే రేడియో రొద సరిగ్గా ఈ 2.4 పట్టీలోనే పడుతుంది. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి, డాంగిల్‌ను పెట్టెకు దూరంగా జరిపితే, దొరకని సెన్సార్లు దొరుకుతాయి. వంద రూపాయల కేబుల్‌తో ఇంత లాభం ఈ పని మొత్తంలో మరెక్కడా చూడలేదు.

చివరిగా, రౌటరు సెట్టింగ్స్‌లో ప్రతి వైఫై బల్బుకూ ఒక ఐపీ అడ్రసు (నెట్‌వర్కులో దాని చిరునామా) మారకుండా ఖాయం చేయండి.

ఒక్కో సిస్టమ్‌నూ లోపలికి తేవడం

హోమ్ అసిస్టెంట్ సెట్టింగ్స్‌లో "డివైసెస్ అండ్ సర్వీసెస్" తెరవండి. చాలా వరకు అదే కనిపెట్టి జాబితా చూపిస్తుంది.

హ్యూ అన్నిటికంటే సుళువు. జతచేయమనగానే బ్రిడ్జి మీద గుండ్రటి బటన్ నొక్కమంటుంది. నొక్కితే బల్బులు, గదులు, సీన్‌లు అన్నీ వచ్చేస్తాయి. ఇదంతా ఇంటిలోపలే జరుగుతుంది, సర్వరుతో పని లేదు.

విజ్ బ్రాండ్ వైఫై బల్బులకు యాప్‌లో లోకల్ కమ్యూనికేషన్‌కు అనుమతి ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే ఇవీ నేరుగా దొరుకుతాయి.

తుయా ప్లాట్‌ఫారం మీద నడిచే బల్బులు మన మార్కెట్లో చాలా బ్రాండ్ల పేర్లతో అమ్ముతారు. స్మార్ట్ లైఫ్ యాప్‌లోకి ఎక్కేది ఏదైనా సాధారణంగా ఇదే. హోమ్ అసిస్టెంట్‌లోని అధికారిక తుయా ఇంటిగ్రేషన్ (ఒక కంపెనీ పరికరాలను కలిపే భాగం) క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే కలుస్తుంది, కాకపోతే దారి క్లౌడ్ మీదుగానే. ఇందాక ఎర్ర చుక్క పెట్టినవాటిలో ఇవి ఉంటే, లోకల్ తుయా లాంటి అదనపు ఇంటిగ్రేషన్‌తో వాటిని ఇంటిలోపలికి మళ్లించవచ్చు. దానికి ప్రతి బల్బుకూ ఉండే లోకల్ కీ (ఒక రహస్య కోడు) కావాలి. బల్బును రీసెట్ చేసి మళ్లీ జతచేస్తే ఆ కీ మారిపోతుందని గుర్తుంచుకోండి. ఓపిక లేకపోతే ఆ బల్బులను అంత ముఖ్యం కాని చోటికి, టీవీ వెనక్కో షోకేసులోకో మార్చి, బెడ్‌రూముకి వేరేవి కొనడం మేలు. నేను అదే చేశాను.

సొంత జిగ్‌బీ పరికరాలకు డాంగిల్‌ను కేబుల్ మీదుగా తగిలించి, హోమ్ అసిస్టెంట్‌లోనే ఉన్న జెడ్‌హెచ్‌ఏ అనే జిగ్‌బీ ఇంటిగ్రేషన్ ఎంచుకోండి. జిగ్‌బీ టు ఎంక్యూటీటీ అనే మరో ప్రోగ్రాం ఇంకా ఎక్కువ పరికరాలను గుర్తిస్తుంది కానీ మొదటిసారికి జెడ్‌హెచ్‌ఏ చాలు. జతచేసేటప్పుడు డాంగిల్‌కు దగ్గరున్నవాటిని ముందు, దూరపువాటిని తర్వాత కలపండి. ఎందుకంటే ఎప్పుడూ కరెంటులో ఉండే జిగ్‌బీ పరికరాలు చాలావరకు పక్కదాని మాటను ముందుకు చేరవేస్తాయి. ఇటుక గోడలు దాటి చివరి గదికి సిగ్నల్ వెళ్లేది అలాగే. అయితే హ్యూ బ్రిడ్జికి జతైన బల్బులు మీ డాంగిల్ నెట్‌వర్కుకు మోయవు. అవి రెండూ వేర్వేరు ఊళ్లు.

మ్యాటర్ 2022 అక్టోబరులో వచ్చింది. ఒకే పరికరాన్ని రెండు మూడు సిస్టమ్‌లు ఒకేసారి నడిపేలా చేసిన ఉమ్మడి భాష అది. కొత్తగా కొనేవాటి మీద ఆ గుర్తు ఉంటే మంచిదే. క్యూఆర్ స్టిక్కరు బల్బు ఒంటి మీదే ఉంటుంది కాబట్టి, హోల్డరులో బిగించకముందే ఫోటో తీసి దాచుకోండి.

గోడ స్విచ్చు

ఇక్కడ ఆగి నిదానంగా చేయండి. స్మార్ట్ లైట్లున్న ఇళ్లలో గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. స్మార్ట్ బల్బుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, మనిషి చెయ్యి మాత్రం గోడ మీద స్విచ్చుకే వెళ్తుంది. స్విచ్చు ఆపితే బల్బు ఒక్కటే పోదు. జిగ్‌బీ అయితే దాని మీదుగా మాట్లాడుతున్న సెన్సార్లు కూడా తెగిపోతాయి. స్విచ్చు మీద టేపు అంటించి "ముట్టుకోవద్దు" అని రాయడం చాలా ఇళ్లలో చూశాను. పెద్దవాళ్లున్న ఇంట్లో, చుట్టాలొచ్చే ఇంట్లో అది నడవదు.

మామూలు ట్యూబులైటు, ఫాల్స్ సీలింగ్ ప్యానెల్ లైట్లకు బల్బులు మార్చకండి. స్విచ్చు వెనక రిలే మాడ్యూల్ పెట్టించండి. పాత స్విచ్చు అలాగే ఉంటుంది, వైర్లు మాడ్యూల్ మీదుగా వెళ్తాయి. నెట్‌వర్కు మొత్తం పడిపోయినా గోడ మీద నొక్కితే లైటు వెలుగుతుంది. నన్నడిగితే ఇంట్లో ముప్పావు వంతు లైట్లకు ఇదే సరైన దారి. రంగులూ వెచ్చదనం మార్చాలనుకున్న హాలు, బెడ్‌రూమ్ లాంటి చోట్లకే స్మార్ట్ బల్బులు.

స్మార్ట్ బల్బు ఉన్న చోట కూడా రిలే మాడ్యూల్ పెట్టవచ్చు, కానీ దాన్ని డిటాచ్డ్ మోడ్‌లో పెట్టాలి. షెల్లీ కంపెనీ మాడ్యూళ్లలో ఈ సదుపాయం ఉంది, సోనాఫ్ కంపెనీ కొన్ని మోడళ్లలోనూ ఉంది. ఆ మోడ్‌లో రిలే ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, బల్బుకు కరెంటు ఆగదు. స్విచ్చు కదలిక మాత్రం హోమ్ అసిస్టెంట్‌కు కబురుగా వెళ్తుంది, అది బల్బును వేస్తుంది లేదా ఆర్పుతుంది. స్విచ్చు పైకున్నా కిందకున్నా లెక్కలోకి తీసుకోకుండా, కదిలిన ప్రతిసారీ లైటు స్థితి మారేలా పెట్టండి. ఇంకా బాగుండాలంటే ఆ స్విచ్చు తీసేసి అదే కంపెనీ కాలింగ్ బెల్ స్విచ్చు బిగించండి. నొక్కి వదిలితే తిరిగి వస్తుంది, పైకా కిందకా అన్న అయోమయమే ఉండదు. మా హాల్లో ఇప్పుడున్నది అదే. గంట బొమ్మ ఉన్న ఆ స్విచ్చును నొక్కడానికి అమ్మ మొదటి రోజు సందేహించింది, ఎక్కడ బెల్లు మోగుతుందోనని. రెండో రోజునుంచి నొక్కినట్టే తెలియలేదు.

హోమ్ అసిస్టెంటే ఆగిపోతే డిటాచ్డ్ స్విచ్చు పనిచేయదు. అందుకని హాల్లో తలుపు పక్కన హ్యూ డిమ్మర్ స్విచ్చు కూడా ఒకటి అంటించాను. అది బ్యాటరీతో నడుస్తుంది, బ్రిడ్జితో నేరుగా మాట్లాడుతుంది, మధ్యలో మరెవరూ అక్కర్లేదు. సొంత జిగ్‌బీ బల్బులైతే రిమోట్‌ను బల్బుకు నేరుగా బైండ్ చేసే, అంటే మధ్యలో కంప్యూటర్ లేకుండా జతకట్టే వీలుంటుంది.

వైరింగ్ దగ్గర కొన్ని జాగ్రత్తలు. ఎంసీబీ ఆపి, టెస్టరుతో చూసి, తర్వాతే డబ్బా విప్పాలి. పాత వైరింగ్ అయితే మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. చాలా మాడ్యూళ్లకు న్యూట్రల్ కావాలి. బోర్డులో ప్లగ్ సాకెట్ ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే, నల్ల వైరు చూడండి. ఒట్టి స్విచ్చులే ఉన్న బోర్డులో చాలాసార్లు ఉండదు; అక్కడికి న్యూట్రల్ అవసరం లేని మాడ్యూల్ తీసుకోండి. ఇన్వర్టరు లైను ఫేజు తీసుకుని, పక్క సర్క్యూట్ న్యూట్రల్ కలపకండి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే బ్రేకర్) ఉన్న ఇంట్లో అది పడిపోతూనే ఉంటుంది. ఇనుప డబ్బాలో మాడ్యూల్‌ను వెనక్కి తోసేస్తే సిగ్నల్ అందదు, ప్లాస్టిక్ ప్లేటుకు దగ్గరగా ముందుకు ఉంచమనండి. స్మార్ట్ బల్బు ఉన్న లైనులో పాత డిమ్మర్ రెగ్యులేటరు ఉంటే తీసేయించండి.

కరెంటు వచ్చినప్పుడు

రాత్రి రెండున్నరకు కరెంటు వచ్చింది. ఇన్వర్టరు లేని బెడ్‌రూమ్ లైన్లలో స్మార్ట్ బల్బులన్నీ ఒక్కసారిగా పూర్తి వెలుగుతో వెలిగి, పిల్లలు ఉలిక్కిపడి లేచారు. స్మార్ట్ బల్బు లక్షణమే అంత. కరెంటు అందగానే వెలిగేలా తయారీలోనే పెడతారు, గోడ స్విచ్చు వేసినవాళ్లకు లైటు రావాలి కాబట్టి.

అందుకే స్విచ్చుల పని దీనికి ముందు పెట్టాను. స్విచ్చు డిటాచ్డ్ అయ్యాక బల్బుకు కరెంటు తిరిగి వచ్చిందంటే కోత ముగిసినట్టే. అప్పుడు యాప్‌లో పవర్ ఆన్ బిహేవియర్ అనే సెట్టింగును "మునుపటి స్థితి"కి మార్చండి. స్విచ్చు మార్చకుండా ఇది మార్చితే, ఫోన్‌లో ఆర్పిన లైటు గోడ మీద ఎన్నిసార్లు నొక్కినా వెలగదు.

ఆ సెట్టింగు లేని బల్బులకు ఒక ఆటోమేషన్ రాయండి: రాత్రి 11 నుంచి ఉదయం 5 మధ్య, "అందుబాటులో లేదు" నుంచి "ఆన్"కి రెండు మూడు బల్బులు ఒకేసారి మారితే, అన్నీ ఆర్పు. ఒక్కటే మారితే ఎవరో స్విచ్చు వేసినట్టు, దాన్ని ముట్టుకోకూడదు.

పేర్లు, గుంపులు

ప్రతి లైటుకూ గదితో కలిపి పేరు పెట్టండి: "హాల్ సీలింగ్", "అమ్మ గది మంచం లైటు". అలెక్సాతో చెప్పే ఉద్దేశం ఉంటే వినడానికి ఒకేలా ఉండే పేర్లు రెండు పెట్టకండి.

రెండు కంపెనీల బల్బులను ఒక గుంపుగా చేయడానికి హోమ్ అసిస్టెంట్ సెట్టింగ్స్‌లోని హెల్పర్స్‌లో లైట్ గ్రూప్ ఉంది. పనిచేస్తుంది, కానీ ఒక్కో బల్బూ ఒక్కో క్షణంలో వెలుగుతుంది. హ్యూ బల్బులకు బ్రిడ్జిలో ఉన్న గది గుంపునే వాడండి, బ్రిడ్జి అందరికీ ఒకే కేక వేస్తుంది కాబట్టి కలిసి వెలుగుతాయి. జెడ్‌హెచ్‌ఏలోనూ అలాంటి జిగ్‌బీ గుంపు చేసుకోవచ్చు. వెలుగు రంగును కెల్విన్‌లోనే (తెలుపు ఎంత వెచ్చగా ఉందో చెప్పే కొలత; అంకె తగ్గేకొద్దీ పసుపు) ఇవ్వండి. అప్పటికీ 2700 అంటే ఒక కంపెనీ బల్బు కాస్త గులాబీగా, ఇంకోటి కాస్త ఆకుపచ్చగా కనబడటం మామూలే. అందుకే ఒక గదిలో, ముఖ్యంగా ఒకే ఫిక్చరులో, ఒకే కంపెనీవి ఉండేలా బల్బులను ఇంట్లోనే అటూఇటూ మార్చుకోండి.

ఆటోమేషన్లు

మొదలుపెట్టే ముందు మిగతా యాప్‌లన్నీ తెరిచి అక్కడి టైమర్లు, షెడ్యూళ్లు, అలెక్సా రొటీన్లు తీసేయండి. రెండుచోట్ల ఉంటే లైటు ఎవరు ఆర్పారో వెతుక్కుంటూ రోజులు పోతాయి.

బాల్కనీ లైటుకు సాయంత్రం ఆరున్నర అని గడియారం టైమ్ పెట్టకండి. హైదరాబాదులో నవంబరు చివర సూర్యుడు 5:40కే కుంగుతాడు, జూలై మొదట్లో 6:55 దాకా ఉంటాడు. ట్రిగ్గర్‌లో సన్‌సెట్ ఎంచుకుని, దానికి ఇరవై నిమిషాల ముందే వెలిగేలా పెట్టండి.

రాత్రి బాత్రూము దారికి మోషన్ సెన్సార్ పెట్టాను, మోకాలి ఎత్తులో. రాత్రి 11 నుంచి 5 మధ్య కదలిక కనిపిస్తే పది శాతం వెలుగు, 2200 కెల్విన్. కదలిక ఆగాక రెండు నిమిషాలకు ఆరిపోతుంది. ఆటోమేషన్ మోడ్‌ను "రీస్టార్ట్" మీద పెట్టడం మరవకండి. లేకపోతే లోపల ఇంకా మనిషి ఉండగానే మొదటి రెండు నిమిషాలు అయిపోయి చీకటి పడుతుంది. పడిపోయే వయసున్న వాళ్లు ఇంట్లో ఉంటే మిగతావన్నీ తర్వాత, ఇది ముందు చేయండి.

పడుకునేటప్పుడు ఇల్లంతా ఆర్పడానికి హాల్ బెల్ స్విచ్చునే వాడాను. ఒకసారి నొక్కితే హాలు, రెండు సెకన్లు పట్టి ఉంచితే అమ్మ గది మంచం లైటు తప్ప అన్నీ. నాలుగు యాప్‌ల పని అందులోకి వచ్చేసింది.

చివరి రెండు పనులు

సెట్టింగ్స్‌లో బ్యాకప్ ఆటోమేటిక్‌గా పెట్టి, కాపీ ఒకటి ఆ కంప్యూటర్ బయట ఎక్కడైనా ఉంచండి. అది అడిగే ఎన్‌క్రిప్షన్ కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం మెయిన్ ఎంసీబీ ఆపి, ఐదు నిమిషాలాగి వేయండి. ఇన్వర్టరు లైను తెగకుండా ఉందా, బల్బులు పాత స్థితికి వచ్చాయా, ఏ సెన్సార్ తిరిగి కలవలేదు అన్నది రాసుకోండి. ఆ తర్వాత చిన్న కంప్యూటర్‌ను కూడా ఆపి, ఇంట్లో ఫోన్ వాడని మనిషిని పిలిచి, గది గదికీ వెళ్లి లైట్లు వేయమనండి. మీరు నోరు మెదపకండి. వాళ్లు ఏ స్విచ్చు దగ్గరైనా రెండోసారి నొక్కితే ఆ స్విచ్చు పేరు ఆ కాగితం మీదకి ఎక్కుతుంది.